పాత ఫ్లాటు చూసి వెళ్లినవారు తిరిగి ఎందుకు ఫోను చేయరు?

మీరు రాసిన వివరాలను ముందు ఒకచోట పెట్టుకుంటాను. మియాపూర్‌లో అయిదంతస్తుల అపార్ట్‌మెంటులో మూడో అంతస్తున ఉన్న మూడు పడకగదుల ఫ్లాటును మీరు 2010లో కొన్నారు. పత్రాలు మీ పేరున, అమెరికాలో ఉంటున్న మీ అబ్బాయి పేరున కలిపి ఉన్నాయి. మీరు, మీ శ్రీమతి మీ అమ్మాయి ఉన్న విజయవాడకు మారిపోవాలనుకుని ఆషాఢం ముందు ఫ్లాటును అమ్మకానికి పెట్టారు. వారానికి ఇద్దరు ముగ్గురు వచ్చి చూస్తున్నారు, బాగుందండీ అని వెళ్తున్నారు, ఆ తర్వాత అలికిడి లేదు. ఇల్లంతా రంగులు వేయించి మాడ్యులర్ కిచెన్ పెట్టిస్తే పని జరుగుతుందా అని అడిగారు. కూకట్‌పల్లి, మియాపూర్, చందానగర్ వైపు పాత ఫ్లాట్ల అమ్మకాలు చాలా ఏళ్లుగా కుదురుస్తున్నవాడిగా నాకు తెలిసినంత వివరంగా చెబుతాను.

వంటగది జోలికి వెళ్లకండి. ఫ్లాటు కొన్నవారు చెక్కపని తమకు నచ్చినట్టు మళ్లీ చేయించుకోవడం మన దగ్గర మామూలు; మీరు లక్షలు పోసి పెట్టించిన అరల రంగు వాళ్లకు నచ్చకపోతే, అది తీయించే ఖర్చును కూడా ధరలోంచి తగ్గించమంటారు. పాత ఫ్లాటు చూడటానికి వచ్చేవారు అందం కోసం రారు. బిల్డరు దగ్గర కొత్తది కొనేవారు నమూనా ఫ్లాటు చూసి ముచ్చటపడతారేమో కానీ, పదిహేనేళ్లు వాడిన ఇంట్లోకి అడుగుపెట్టేవారు మాత్రం దీనిలో ఏదో లోపం ఉండబట్టే అమ్ముతున్నారన్న అనుమానంతోనే వస్తారు. కాబట్టి మీరు పెట్టే ప్రతి రూపాయీ, చేసే ప్రతి పనీ ఆ అనుమానాన్ని తగ్గిస్తుందా, పెంచుతుందా అన్న లెక్కతోనే చూడాలి.

ఆ లెక్కలో మొదటిది చెమ్మ. మీరు పంపిన ఫొటోల్లో పెద్ద పడకగది బీరువా పక్క గోడ మీద, నేల నుంచి మోకాలెత్తు వరకు రంగు పొంగి, అక్కడక్కడ ఉప్పు పూసినట్టు తెల్లటి పొడి కనిపిస్తోంది. ఆ గోడకు అవతలి వైపు స్నానాలగది ఉంటుందని ఫొటో చూస్తేనే చెప్పవచ్చు. టైల్స్ మధ్య సందుల్లోని సిమెంటు ఏళ్ల తరబడి అరిగిపోయి, అక్కడి నుంచి నీళ్లు గోడలోకి దిగుతున్నాయి. బీరువాను దానికి అడ్డంగా జరిపితే సరిపోతుందనుకోకండి. ఇల్లు చూడటానికి వచ్చే పెద్దవాళ్లు ముందుగా తొంగిచూసేది బీరువా వెనకే. పైపైన లప్పం పెట్టి రంగు కొట్టిస్తే మరీ ప్రమాదం, ఎందుకంటే ఇల్లంతా పాత రంగు ఉండి ఒక్క గోడ మాత్రమే మెరుస్తుంటే దాచిపెట్టారన్న సంగతి గోడే చెబుతుంది, పైగా వానాకాలంలో ఆ రంగు నెల తిరగకుండానే మళ్లీ పొంగుతుంది.

చేయవలసిన పద్ధతి ఇది. ముందు స్నానాలగదిలో టైల్స్ సందులను గీకించి ఎపాక్సీ గ్రౌటు పెట్టించండి. నీళ్లు పోయే జాలీ చుట్టూ, కమోడు మొదట్లో, కుళాయిలు గోడలోంచి బయటికి వచ్చే చోట్ల కూడా మూయించండి. అది ఆరాక జాలీకి గుడ్డ కుక్కి, నేల మీద అంగుళం ఎత్తున నీళ్లు నిలిపి ఒక రోజంతా ఉంచండి. కింది ఫ్లాటు వారిని అడిగి వారి స్నానాలగది పైకప్పును చూడండి. అక్కడ తడి, పడకగది గోడకు కొత్త చెమ్మ కనిపించకపోతే మరమ్మతు నిలిచినట్టే. ఆ తర్వాతే పడకగది వైపు పొంగిన పూతను ఇటుక కనిపించేదాకా చెక్కించి, గోడను కొన్ని వారాలు గాలికి ఆరనిచ్చి, అప్పుడు పూత, లప్పం, రంగు వేయించాలి. వానల్లో ఆరడం ఆలస్యమవుతుంది. తొందరపడి మధ్యలోనే మూసేయకండి. ఆరుతుండగా ఎవరైనా చూడటానికి వస్తే చెక్కిన గోడను అలాగే చూపించి, ఏం చేయించారో చెప్పి, మేస్త్రీ ఇచ్చిన రసీదు చూపించండి. చెక్కిన గోడ చూసి వెనక్కి తగ్గినవారికంటే, దాచిన గోడ చూసి తగ్గినవారే నాకు ఎక్కువగా తగిలారు.

రంగుల విషయానికి వస్తే, ఇల్లంతా అవసరం లేదు. హాలులో సోఫా వెనక ఉన్న ముదురు ఊదా గోడ, పిల్లల గదిలోని నారింజ రంగు గోడ, ఈ రెండింటికీ లేత రంగు వేయిస్తే గదులు వెడల్పుగా కనిపిస్తాయి. మరమ్మతు చేసిన గది మొత్తానికి, ఒక్క గోడకే కాకుండా, ఒకే రంగు వేయించండి. మిగతాచోట్ల తడిగుడ్డతో తుడిస్తే చాలు.

వాసన సంగతి ఇంట్లో ఉండేవారికి తెలియదు, బయటినుంచి వచ్చేవారికి గుమ్మంలోనే తెలుస్తుంది. మీరు వాడటం లేదన్న మూడో స్నానాలగదిలో జాలీ కింది ట్రాపులో నీళ్లు ఎండిపోతాయి. ఎప్పుడూ నిలిచి ఉండవలసిన ఆ నీళ్లే మురుగు గొట్టంలోని గాలిని లోపలికి రాకుండా ఆపుతాయి కాబట్టి, అవి ఎండిన రోజున గది కంపు కొడుతుంది. రోజూ ఒక మగ్గు నీళ్లు పోస్తే ఆ బాధ ఉండదు. బట్టల అరల్లో కలరా ఉండలు తీసేయండి. చూపించే రోజున వేపుళ్లు, పచ్చళ్ల తాలింపు మానుకోండి. అలాగని అగరుబత్తీలు గుప్పెడు వెలిగించి పొగ పెట్టవద్దు. ఏ వాసనను కప్పుతున్నారో అని ఆలోచిస్తారు. పొద్దున్నే కిటికీలన్నీ తెరిచి పెట్టడం కంటే మంచి ఉపాయం నాకు తెలియదు.

కారే కుళాయి, నీళ్లు ఆగని ఫ్లష్ ట్యాంకు, వదులైన స్విచ్చిబోర్డు, నేలకు రాసుకునే తలుపు, వెలగని ట్యూబులైటు వంటివి ఒక ప్లంబరూ ఒక ఎలక్ట్రీషియనూ రెండు రోజుల్లో ముగించే పనులే. వీటిని చిన్నవని వదిలేస్తారు చాలామంది. కానీ వచ్చినవారు గోడలోపలి గొట్టాలను చూడలేరు, చేతికి తగిలే కుళాయిని బట్టే లోపలి గొట్టాల సంగతి ఊహించుకుంటారు.

మీ మూడో పడకగది ఫొటో చూస్తే అది గది అనిపించలేదు. వాషింగ్ మెషీన్ అట్టపెట్టెలు, అమెరికా సూట్‌కేసులు, విరిగిన ఊయల, పాత పరుపులు కలిసి దానిని గోడౌను చేశాయి. మూడు పడకగదులకు డబ్బు పెట్టేవారికి మీరు రెండు పడకగదులే చూపిస్తున్నారన్నమాట. ఎలాగూ విజయవాడకు మారేవారే కాబట్టి పట్టుకెళ్లే సామానును ముందే పంపేయండి, మిగిలినవి ఇచ్చేయండి. ఆ గదిలో ఒక మంచం, ఒక బల్ల మాత్రం ఉంచండి. పూర్తిగా ఖాళీగా ఉన్న గది కొలత కంటికి అందదు, మంచం పట్టగా ఇంకెంత చోటు మిగులుతుందో చూడగలిగితే వారికి నమ్మకం కలుగుతుంది. బాల్కనీలోని డ్రమ్ములు, అటక మీదనుంచి వేలాడే సంచులు కూడా దించేయండి.

ఫొటోలు పగటి వెలుతురులో, ఫోనును అడ్డంగా పట్టుకుని, గది మూలనుంచి తీయండి. ప్రతి గది పొడవు వెడల్పులు టేపుతో కొలిచి, ఆ అంకెలతో ఒక చిన్న నక్షా గీసి ఫొటోలతోపాటు పెట్టండి. మీరు 1,450 ఎస్‌ఎఫ్‌టీ అని మాత్రమే రాశారు. అది మెట్లు, లిఫ్టు, వరండాల వాటా కలిపిన లెక్క. 2016 నాటి రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం కొత్త ప్రాజెక్టులను కార్పెట్ ఏరియా, అంటే ఫ్లాటు లోపల వాడుకునే నేల లెక్కన అమ్మమన్న తర్వాత కొనేవారు అదే అడగడం అలవాటు చేసుకున్నారు. అడగకముందే ఇస్తే, కొలతలు సరిపోనివారు రారు, వచ్చినవారు సరిపోతుందనుకునే వస్తారు. వారానికి ముగ్గురు రావడం కన్నా నెలకు ముగ్గురు అలాంటివారు రావడం మేలు.

ఇక కాలం సంగతి. ఆషాఢం, భాద్రపదం, పుష్యం వంటి శూన్యమాసాల్లోనూ, మూఢంలోనూ మనవాళ్లు చూడటానికి వస్తారు కానీ బయానా ఇవ్వరు. మీకు ఫోన్లు రాకపోవడంలో కొంత భాగం దీనివల్లనే. ఈ రోజులను మరమ్మతులకు వాడుకుని, శ్రావణంలో మళ్లీ మొదలుపెట్టండి. పాత ప్రకటనను తీసేసి కొత్త ఫొటోలతో కొత్తగా పెట్టండి, నెలల తరబడి కనిపించే ప్రకటన మీద ఎవరికీ సదభిప్రాయం ఉండదు. బడిపిల్లలున్న కుటుంబాలు జూన్‌లోపు మారిపోవాలని ఎండాకాలంలో తిరుగుతాయి కాబట్టి, ఈ ఏడు కుదరకపోతే ఫిబ్రవరి చివరినుంచి మళ్లీ గట్టిగా ప్రయత్నించవచ్చు. రోజులో ఏ వేళన్నది మీ ఇంటి దిక్కును బట్టి ఉంటుంది: మీ హాలు బాల్కనీ తూర్పుకు ఉందన్నారు, కాబట్టి ఉదయం తొమ్మిది నుంచి పదకొండు మధ్య పిలవండి. సాయంత్రం ఆఫీసు అయ్యాకే వస్తామనేవారికి ఒకసారి చూపించి, నచ్చితే ఆదివారం పొద్దున మళ్లీ రమ్మనండి.

ఇంటి పరీక్ష ఫ్లాటు తలుపు దగ్గర మొదలుకాదు, కింద గేటు దగ్గర మొదలవుతుంది. వచ్చినవారు వెళ్లేటప్పుడు వాచ్‌మన్‌తో రెండు మాటలు మాట్లాడకుండా వెళ్లరు. నీళ్లు వస్తాయా, గొడవలేమైనా ఉన్నాయా, వీళ్లెందుకు అమ్ముతున్నారు అని అడుగుతారు. అందువల్ల ఎవరు ఎప్పుడు వస్తారో అతనికి ముందే చెప్పండి, అమ్ముతున్న కారణం కూడా చెప్పండి. అబద్ధాలు నేర్పవద్దు, అవి నిలవవు. మెట్ల మలుపులో పేరుకున్న చెత్త, లిఫ్టులో చిరిగిన పోస్టర్లు, మీ అంతస్తులో వెలగని దీపం గురించి అసోసియేషన్ వారికి చెప్పి బాగు చేయించండి, వారు కదలకపోతే మీరే చేయించండి, పెద్ద ఖర్చేమీ కాదు. పార్కింగ్ స్థలంలో మీ ఫ్లాటు నంబరు చెరిగిపోయి ఉంటే మళ్లీ రాయించండి. అక్కడ వేరొకరి బండి నిలబెట్టి ఉంటే ముందురోజే తీయించండి. మీ పార్కింగులో మరొకరి కారు ఉన్నదంటే, అది మీదేనా అన్న ప్రశ్న వస్తుంది.

చూపించేటప్పుడు మాట్లాడవలసింది ఒక్కరే. మీరు మాట్లాడితే మీ శ్రీమతి, ఆవిడ మాట్లాడితే మీరు ఊరుకోవడం మంచిది, ఎందుకంటే ఒకరు మెయింటెనెన్స్ రెండువేలంటే ఇంకొకరు కాదు రెండువేల అయిదువందలని సరిదిద్దడంతో ఆ తర్వాత చెప్పిన నిజాలన్నీ కూడా తేలికవుతాయి. ఎందుకు అమ్ముతున్నారంటే ఒక్క వాక్యంలో జవాబు ఇవ్వండి: అమ్మాయి దగ్గరలో ఉండాలని విజయవాడ వెళ్తున్నాం. అంతకుమించి కథ వద్దు. గది గదికీ వెంటపడి ఇది పడకగది, ఇది వంటగది అని చెప్పనక్కర్లేదు. హాలులో కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి, ఒకసారి తిప్పి చూపించి, తర్వాత మీరు పక్కకు వెళ్లి వాళ్లను వాళ్లలో వాళ్లు మాట్లాడుకోనివ్వండి. మంచం ఎక్కడ వేయాలి, అత్తయ్యకు ఏ గది ఇవ్వాలి అని భార్యాభర్తలు గుసగుసలాడుకుంటున్నారంటే ఇల్లు వారికి పట్టుబడుతోందన్నమాట. ఆ సమయంలో ఇంటి యజమాని పక్కనే నిలబడితే ఆ మాట ఆగిపోతుంది. కుళాయిలు తిప్పుతారు, తిప్పనివ్వండి. అరలు తెరుస్తారు, కాబట్టి అరలు సర్ది ఉంచండి.

వాస్తు చూడటానికి సిద్ధాంతిగారిని వెంటబెట్టుకు వచ్చేవారు, ఫోనులో దిక్సూచి తెరిచి గుమ్మంలో నిలబడేవారు తప్పకుండా ఉంటారు. వాదించవద్దు, ఎవరి నమ్మకం వారిది. అయితే ఒక ఆచరణాత్మక విషయం ఉంది. మీ గుమ్మానికి ఇనుప గ్రిల్లు తలుపు ఉంది, పక్కనే లిఫ్టు ఉంది. ఇనుము దగ్గర దిక్సూచి పక్కకు లాగుతుంది, ఫోనులోనిదైనా అంతే. తూర్పు గుమ్మం కాస్తా ఆగ్నేయం చూపించి బేరం చెడిన సందర్భాలున్నాయి. హాలు మధ్యలోకి, బాల్కనీలోకి వచ్చి కూడా చూడమని మర్యాదగా చెప్పండి, మంజూరైన ప్లాను నకలు మీ దగ్గర ఉంటే అందులోని ఉత్తరం గుర్తు చూపించండి.

సరిచేయలేని లోపాలను మీరే ముందు చెప్పాలి. మీ భవనంలో ఎండాకాలం బోరు తగ్గి ట్యాంకర్లు తెప్పిస్తారని రాశారు. ఇది హైదరాబాదులో కొత్త విషయం కాదు, వాళ్లు ఉన్న అద్దె ఇంట్లోనూ ఇదే జరుగుతుండవచ్చు. మంజీరా నీళ్లు రోజు విడిచి రోజు ఎంతసేపు వస్తాయి, సంపు ఎంత పెద్దది, ట్యాంకర్ల ఖర్చు ఇంటికి ఎంత పడుతుంది అన్నవి అసోసియేషన్ లెక్కల పుస్తకంలోంచే చూపించండి. మీ నోటినుంచి వింటే అది ఒక ఖర్చు, ఎదురింటివారి నోటినుంచి వింటే అది మోసం. మెట్రో స్టేషను విషయంలోనూ అంతే: అయిదు నిమిషాలని ప్రకటనలో రాసి పదిహేను నిమిషాలు నడిపించకండి.

కాగితాలు ఇంటి ప్రదర్శనలో భాగమే అని నేను చెప్పడానికి కారణం ఉంది. ఇల్లు నచ్చినవారు ఆ రోజు రాత్రి బ్యాంకు లోను గురించి ఆలోచిస్తారు. అప్పుడు సమాధానం దొరకని ప్రశ్న ఉంటే మర్నాడు ఇంకో ఫ్లాటు చూడటానికి వెళ్తారు. సేల్ డీడు, లింకు డాక్యుమెంట్లు (అంతకుముందు చేతులు మారిన పత్రాలు), ఈసీ (ఆస్తి మీద నమోదైన లావాదేవీలు, అప్పులు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), మంజూరు ప్లాను, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, ఇంటి పన్ను రసీదు, కరెంటు బిల్లు, అసోసియేషన్ బాకీ లేదన్న లేఖ, ఇవన్నీ జిరాక్సులు చేసి ఒక ఫైలులో ఉంచండి. తెలంగాణలో ఈసీ 1983 నుంచి రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులోనే దొరుకుతుంది. పాత లోను తీర్చేసి ఉంటే దానికి సంబంధించిన నమోదు ఈసీలో ఇంకా కనిపిస్తోందేమో చూసి రద్దు చేయించుకోండి. మీ భవనంలో ప్లానుకు మించి కట్టిన భాగం ఉండి, 2015లో ప్రభుత్వం ప్రకటించిన క్రమబద్ధీకరణకు బిల్డరు దరఖాస్తు పెట్టి ఉంటే ఆ రసీదూ జతచేయండి.

మీ అబ్బాయి పేరు పత్రాల్లో ఉండటం ఇంకొక ముఖ్యమైన విషయం. ఇది మొదటి చూపులోనే చెప్పాలి, దాచితే అగ్రిమెంటు దగ్గర ఆగిపోతుంది. ఆయన స్వయంగా రాలేకపోతే అక్కడి భారత కాన్సులేటులో ప్రత్యేక పవర్ ఆఫ్ అటార్నీ రాసి పంపాలి. అది ఇండియాకు చేరిన మూడు నెలల్లోపు జిల్లా రిజిస్ట్రార్ కార్యాలయంలో స్టాంపు డ్యూటీ కట్టించాలి. పన్ను లెక్క కూడా వేరు. ధర 50 లక్షలు, ఆపైన ఉంటే మీ వాటా మీద కొనేవారు 1 శాతం టీడీఎస్ (చెల్లించేటప్పుడే పట్టుకుని ప్రభుత్వానికి కట్టే పన్ను) కోస్తారు. ప్రవాసి అయిన మీ అబ్బాయి వాటా మీద మాత్రం దీర్ఘకాలిక మూలధన లాభాల రేటు 12.5 శాతం, దానిపై సెస్సు, వర్తిస్తే సర్‌చార్జీ కోయవలసి వస్తుంది. లాభం మీద కాకుండా మొత్తం వాటా మీద కోత పడకుండా ఉండాలంటే ఆదాయపు పన్ను శాఖ నుంచి తక్కువ కోతకు ధ్రువపత్రం తెచ్చుకోవాలి, దానికి సమయం పడుతుంది కాబట్టి ఇప్పుడే ఆడిటరును కలవండి. మీ దగ్గర ఇవన్నీ సిద్ధంగా ఉంటే కొనేవారికి మీరు పని తెలిసినవారిగా కనిపిస్తారు. లేకపోతే, ఇల్లు ఎంత నచ్చినా, ఈ చిక్కంతా మనకెందుకని వెళ్లిపోతారు. మీ దగ్గరికి వచ్చినవారిలో కొందరి విషయంలో ఇదే జరిగి ఉండవచ్చు.

ధర గురించి నిలబడి మాట్లాడకండి. ప్రకటనలో, మధ్యవర్తులందరి దగ్గర ఒకే అంకె ఉండాలి. ఒకరికి 85 లక్షలు, ఇంకొకరికి 90 లక్షలు చెప్పారంటే ఆ రెండూ ఒకే కొనుగోలుదారు చెవిన పడతాయి. బ్లాక్ ఎంత, వైట్ ఎంత అని అడిగేవారు ఇప్పటికీ ఉన్నారు. స్థిరాస్తి అమ్మకంలో 20,000 రూపాయలు, అంతకుమించి నగదు తీసుకోవడం 2015 నుంచి నిషేధం, తీసుకున్నంత మొత్తం జరిమానా పడుతుంది కాబట్టి మొత్తం బ్యాంకు ద్వారానే అని చెప్పేయండి. పోలిక వచ్చినప్పుడు ఒక మాట మీకు అనుకూలం: కడుతున్న కొత్త ఫ్లాటుకు మామూలుగా 5 శాతం జీఎస్టీ ఉంటుంది, మీ పాత ఫ్లాటుకు లేదు, రిజిస్ట్రేషన్‌కు అయ్యే 7.5 శాతం మాత్రం రెండింటికీ ఉంది.

జాగ్రత్త గురించి క్లుప్తంగా. పెద్ద వయసులో ఒంటరిగా ఎవరికీ ఇల్లు చూపించకండి, ఇంకొకరు ఉండాలి. పేరు, ఫోను నంబరు గేటు పుస్తకంలో రాయించండి. నగలు, బ్యాంకు కాగితాలు, మందుల డబ్బాలు కంటికి కనబడకుండా పెట్టండి. మొదటిసారి వచ్చినవారిని పత్రాలు చూడనివ్వండి కానీ ఫోనులో ఫొటోలు తీయనివ్వకండి. రెండోసారి వచ్చి గట్టిగా అడిగినవారికి మాత్రం, ఆధార్ నంబరు చెరిపేసి, పరిశీలన నిమిత్తం మాత్రమే అని అడ్డంగా రాసిన జిరాక్సు ఇవ్వండి.

రెండోసారి తల్లిదండ్రులను, మేస్త్రీని వెంటబెట్టుకుని వచ్చారంటే ఆ కుటుంబం నిజంగా ఆలోచిస్తోంది. ఆ రోజు తొందరపెట్టకుండా ఎంతసేపైనా చూడనివ్వండి, మేడ మీద ట్యాంకు దగ్గరికి కూడా తీసుకెళ్లండి. అప్పుడే, ఇంట్లో ఏవి ఉంచి వెళ్తారు, ఏవి పట్టుకెళ్తారు అన్నది మాట్లాడుకోండి. ఫ్యాన్లు, గీజర్లు, చిమ్నీ, ఏసీలు, దోమల జాలీ తలుపులు, కర్టెన్ రాడ్లు, ఇన్వర్టర్ వంటివన్నీ ఒక కాగితం మీద రాసి, ఎదురుగా ఉంచేవి, తీసుకెళ్లేవి గుర్తుపెట్టి, ఇద్దరూ సంతకాలు చేసి అగ్రిమెంటుకు జతచేయండి. లక్షల దగ్గర కుదిరిన బేరం తాళాలు ఇచ్చే రోజున ఒక పాత గీజరు దగ్గర తగాదాగా మారడం నేను చూశాను. ఆ కాగితం ఉంటే అంతదాకా రాదు.